మూడో వరుసకీ నాలుగో వరుసకీ మధ్య

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు: అక్క, బావ, బావ వాళ్ళమ్మ, పెన్సిలు. గుమ్మం అవతలే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయిన సూది పిన్నిని కూడా కలుపుకుంటే ఐదుగురు.

పొద్దున్నే గ్యాసు అయిపోయింది. సిలిండరు సాయంత్రానికి గాని రాదన్నారు. అక్క బ్రెడ్డు ముక్కలకు జాము రాసి పళ్ళేల్లో పెడుతోంది. బావ వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఒక్కో ముక్క అంచులు తుంచి పక్కన పెడుతూ, "ఈ అట్టముక్కలు నమిలే వయసా నాది" అని సణుగుతోంది. బావ ల్యాబ్ నుంచి భోజనానికి వచ్చి, చొక్కా పై గుండీలు విప్పుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. ఒక చేతిలో బ్రెడ్డు, ఇంకో చేతిలో పెన్సిలు దిద్దిన కాగితం.

పెన్సిలు అంటే అక్క చెల్లెలు. పదిహేడేళ్ళ పిల్ల. పరీక్షలు రాసి, సెలవుల్లో బావ దగ్గర కంప్యూటరు నేర్చుకోవడానికి పల్లె నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజే బావ ఆ పేరు పెట్టాడు. చెవి వెనక పెన్సిలు లేకుండా ఆ పిల్లను చూసినవాళ్ళు లేరు. నోరు విప్పి మాట్లాడగా విన్నవాళ్ళూ లేరు.

బావ నేర్పే పద్ధతి వేరు. స్క్రిప్టులు రాయమనడు, తప్పులు వెతకమంటాడు. కంప్యూటరు ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాల్సిన పనుల జాబితాను స్క్రిప్టు అంటారు. అలాంటివి కాగితం మీద అచ్చు తీసి, కావాలని ఒక తప్పు పెట్టి, పిల్ల ముందు పడేస్తాడు. తప్పు దొరికితే ఎర్ర పెన్నుతో టిక్కు కొడతాడు. వారంలో పదకొండు టిక్కులు వచ్చాయి.

"దొరికిందా! ఎలా పట్టావ్ దీన్ని?" అన్నాడు బావ. పెన్సిలు భుజాలు ఎగరేసింది. "సరే, నువ్వు చెప్పవుగా, నేనే చెప్తాను. వంటగదిలోకి వెళ్ళు, అక్కడున్న చెత్తంతా ఊడ్చెయ్ అని ఒకడికి చెప్పావనుకో. వంటగది తలుపు తాళం వేసుంది. వాడు వెనక్కొచ్చి నిన్ను అడగడు. హాల్లోనే నిలబడి, హాల్లో ఉన్నవన్నీ ఊడ్చి పారేస్తాడు. సోఫా, మంచం, మా అమ్మ, అన్నీ."

"నన్నెందుకురా మధ్యలో?" అంది మంచం మీది పెద్దావిడ.

"వాడి తప్పేం లేదు. చెప్పినవాడిది తప్పు. తలుపు తెరుచుకుందా అని ముందు అడగాలి. తెరుచుకోకపోతే అక్కడే ఆగిపో అని రాయాలి. లోకంలో సగం కొంపలు ఈ ఒక్కదానికే మునుగుతాయి." పన్నెండో టిక్కు కొట్టాడు.

అప్పుడే బెల్లు మోగింది.

సూది పిన్నిది ఎదురు తలుపు. బావ కంప్యూటర్లు చూసుకునే ల్యాబ్‌లోనే రక్తం తీస్తుంది. నొప్పి తెలియకుండా గుచ్చుతుందని ఆ భవనంలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ల్యాబ్ రెండు సందుల అవతలే అయినా పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. ఒక చేతికి రబ్బరు తొడుగు అలాగే ఉంది.

"ఏమ్మా, నా రక్తం తీయడానికొచ్చావా?" అంది పెద్దావిడ.

"మీ ఒంట్లో ఉన్నదే చెంచాడు పెద్దమ్మా, అది కూడా నాకే కావాలా?" అని నవ్వి, బావ వైపు తిరిగింది. "బాబూ, ఫ్రిజ్ ప్లగ్గు కాలి కమురు వాసనొస్తోంది. పొద్దుట్నుంచీ తీసిన రక్తమంతా అందులోనే ఉంది. మంచి ప్లగ్గు కంప్యూటరు పక్కనున్నదొక్కటే. దానికి మీ నల్లడబ్బా పెట్టుంది."

నల్లడబ్బా అంటే రిపోర్టుల నకళ్ళు దాచే డిస్కు. బావ నోట్లో బ్రెడ్డు ఉంది. మింగి చెప్పాడు.

"పీకెయ్యండి పిన్నీ, ఏం కాదు. ఫ్రిజ్ తీగ అందకపోతే మా బోర్డు పట్టుకెళ్ళండి."

పెన్సిలు లేచి, టీవీ వెనక నుంచి పొడుగు తీగ ఉన్న ప్లగ్గు బోర్డు లాగి, తీగ చుట్ట చుట్టి తెచ్చి ఇచ్చింది. "చల్లగా ఉండు తల్లీ" అంటూనే సూది పిన్ని మెట్లు దిగిపోయింది. గోడ గడియారంలో ఒకటిన్నర.

మూడింటికి బావ ఫోను మోగింది. అవతలివాళ్ళు చెప్పింది విని, "అన్నీనా?" అని ఒక్క మాట అడిగాడు. గుండీలు పెట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. ఏడింటికి తిరిగొచ్చి, సిలిండరు వచ్చిందా అని అడిగి, వచ్చింది అని అక్క చెప్తే విననట్టు లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

సోమవారం పొద్దున పాలు పోయడానికి వచ్చినతను గుమ్మంలోనే చెప్పేశాడు. ల్యాబ్ కంప్యూటర్లో వారం రోజుల రిపోర్టులు తుడిచిపెట్టుకు పోయాయట. ఇంకా తీసుకెళ్ళనివాళ్ళు రెండువందల పద్నాలుగు మంది. అందరూ మళ్ళీ చెయ్యి చాపాలి. ఆపరేషనుకు తేదీ ఇచ్చిన ముసలాయనకు తేదీ తప్పిపోయింది. నరం దొరకని పసిపిల్లను మళ్ళీ తెమ్మంటే తల్లి ల్యాబ్ ముందు కూర్చుని ఏడ్చింది. మంచి ప్లగ్గు కోసం కంప్యూటరు దగ్గరికి వెళ్ళిన సూది పిన్ని ఏదో నొక్కేసిందని, ల్యాబ్ పెట్టిన డాక్టరు ఆవిడను పనిలోంచి తీసేశాడు.

"పాపం, మంచి చెయ్యి" అన్నాడు పాలతను. అక్క గిన్నె అందుకుని తలుపు వేసింది.

మధ్యాహ్నం బావ ఇంట్లో లేనప్పుడు సూది పిన్ని వచ్చింది. ఈసారి లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. వేళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడింది. రోజుకు వందమంది చేతులు పట్టుకునే వేళ్ళు. పట్టుకోవడానికి ఇప్పుడు వాటికి ఏమీ లేదు.

"అమ్మాయ్, నేను కీబోర్డు ముట్టుకోలేదు. ప్లగ్గు ఒక్కటే పీకాను. పీకమని బాబే అన్నాడు కదా, మీరందరూ ఉన్నారు. ప్లగ్గు పీకితే ఫైళ్ళు పోవు, ఎవరో చేత్తో తుడిచుండాలి అని డాక్టరు గారి ముందు చెప్పాడట. పీకమని తను అనలేదన్నాడట. ఏ కంగారులో అన్నాడో. మీరొక్క మాట డాక్టరు గారికి ఫోన్లో చెప్తే చాలు."

అక్క టేబులు మీద లేని మరకను గుడ్డతో తుడిచింది. "నేను స్టవ్ దగ్గరున్నాను పిన్నీ. కుక్కరు కూత వేస్తోంది. మీరొచ్చారని తెలుసు గాని ఏమనుకున్నారో వినలేదు."

"వాడే కదే పీకమంది!" అంది మంచం మీంచి పెద్దావిడ. "ఏం కాదు, పీకెయ్యండి అన్నాడు. నోట్లో రొట్టె పెట్టుకుని."

అక్క అత్తగారి వైపు తిరగలేదు. సూది పిన్నినే చూస్తూ, జాలిగా, గొంతు తగ్గించి, "ఈ మధ్య అత్తయ్యకి ఏది ఎప్పుడు జరిగిందో సరిగ్గా గుర్తుండటం లేదు పిన్నీ" అంది. ఎంత తగ్గించినా ఆ గదిలో అందరికీ వినపడింది.

 పెద్దావిడ కొంగు అంచు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

సూది పిన్ని కిటికీ కింద కూర్చుని ఉన్న పెన్సిలు వైపు చూసింది. పెన్సిలు కాగితాల మీదికి ఇంకా వంగింది. ఒక వరుస చదివింది. మళ్ళీ అదే వరుస చదివింది. ఆ చూపు నడినెత్తి మీద పడి ఉందని తెలుస్తూనే ఉంది.  కాసేపటికి చెప్పుల చప్పుడు, తర్వాత ఎదురు తలుపు చప్పుడు.

"ఆ రోజు కుక్కరు పెట్టలేదక్కా" అంది పెన్సిలు, చాలాసేపటి తర్వాత, చాలా మెల్లగా. "గ్యాసు లేదు."

అక్క గుడ్డ పిండి తీగ మీద వేసింది. "నువ్వు మాట్లాడటం ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది. నవ్వబోయి, నవ్వు రాక, లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు బావ కొత్త కాగితాలు ఇవ్వలేదు. అన్నం కలిపి వదిలేస్తున్నాడు. అమ్మ మందులు తెచ్చాడు గాని అమ్మతో మాట్లాడలేదు. ఆవిడ కూడా ఏమీ అడగడం లేదు. అక్క ఏదైనా చెప్తే, "ఏమోనమ్మా, నాకేం గుర్తుంటుంది" అంటోంది. మాత్రలు వేసుకుందో లేదో కూడా పెన్సిలునే అడుగుతోంది. బుధవారం సాయంత్రం బావ ల్యాబ్ సొరుగుల్లోంచి తెచ్చిన చిత్తు కాగితాల కట్ట పిల్ల ముందు పెట్టి, "వెనక వైపు రాసుకో. ఖాళీగానే ఉన్నాయి" అన్నాడు.

గురువారం మధ్యాహ్నం పెన్సిలు వాటిని తిరగేసింది. ముందువైపు ఉన్నవి చూడకుండా ఉండటం ఇప్పుడా పిల్లకు చేతకాదు. పాత సెలవు చీటీలు, ఎవరిదో బిల్లు, తర్వాత ఒక స్క్రిప్టు. పైన బావ ఎప్పుడూ పెట్టే ఒక్క వరుస గమనిక: ప్రతి శనివారం రెండింటికి. కింద నాలుగే వరుసలు. వేలు పెట్టుకుని చదివింది.

రిపోర్టుల ఫోల్డరులోకి వెళ్ళు.
ఉన్నవన్నీ నల్లడబ్బాలోకి నకలు తియ్యి.
నల్లడబ్బాలో పాతవి ఉన్న ఫోల్డరులోకి వెళ్ళు.
ఇక్కడున్నవన్నీ తుడిచెయ్యి.

వేలు మూడో వరుసకీ నాలుగో వరుసకీ మధ్య ఆగిపోయింది. అక్కడ ఏమీ లేదు. తలుపు తెరుచుకుందా అని ఎవరూ అడగలేదు.

ఒకటిన్నరకు నల్లడబ్బా ప్లగ్గు పీకారు. రెండింటికి స్క్రిప్టు లేచింది. నకలు తియ్యబోయింది, కుదరలేదు, ముందుకు పోయింది. నల్లడబ్బాలోకి వెళ్ళబోయింది, నల్లడబ్బా లేదు. వెనక్కొచ్చి ఎవరినీ అడగలేదు. ఉన్నచోటే, రిపోర్టుల మధ్యలోనే నిలబడి, చెప్పిన పని చేసింది.

పెన్సిలు చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఆ రెండు వరుసల మధ్య సున్నా చుట్టింది.  పదమూడోది దొరికిందన్న సంతోషమే ముందు వచ్చింది. అది పూర్తిగా రాకముందే సూది పిన్ని గుర్తొచ్చింది. బావకు తెలియదేమో. చెప్తే పరుగెత్తుకెళ్ళి డాక్టరుకు చెప్తాడు. సూది పిన్ని రేపే మళ్ళీ పనిలోకి వెళ్తుంది.

సరి చూసుకోవడానికి బావ పాత ల్యాప్‌టాప్ తెరిచింది. ల్యాబ్‌లో నడిచే స్క్రిప్టులన్నిటికీ అందులో నకళ్ళు ఉంటాయి. ఇదీ ఉంది. ఇందులో ఐదు వరుసలున్నాయి. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య కొత్తది చేరింది: తలుపు తెరుచుకోకపోతే ఇక్కడే ఆగిపో. చివరిసారి మార్చిన తేదీ చూసింది. శనివారం. సాయంత్రం ఐదూ నలభై.

ఆ శనివారమే. డాక్టరు సూది పిన్నిని పిలవడానికి ముందే.

తన సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. రోజూ నాలుగు ముక్కలు రాసుకుంటుంది. శనివారం కింద ఇలా ఉంది: గ్యాసు లేదు. బ్రెడ్డు. సూది పిన్ని వచ్చింది. బావ: పీకెయ్యండి పిన్నీ, ఏం కాదు. బోర్డు ఇచ్చాను. చల్లగా ఉండు తల్లీ అంది.

సున్నా చుట్టిన కాగితాన్ని బావ టేబులు మీద, ఎర్ర పెన్ను పక్కనే పెట్టింది.

సాయంత్రం బావ వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసుతో కుర్చీలో కూర్చుని కాగితం చూశాడు. పెన్సిలు తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన కళ్ళు పైనుంచి కిందికి వచ్చి సున్నా దగ్గర ఆగాయి. టీ మీద మీగడ కట్టేంత సేపు అక్కడే ఉన్నాయి. తర్వాత ఎర్ర పెన్ను మూత తీసి, కాగితం మీద టిక్కు కొట్టాడు.

"బాగా పట్టావ్" అన్నాడు. "ఇది పాతది. సరిచేసేశాను."

"ఎప్పుడు బావా?"

ఆ పిల్ల తనను ప్రశ్న అడగడం అదే మొదటిసారి. బావ తలెత్తి చూశాడు. అడుగుతున్నది తెలియకపోవడం వల్ల కాదని ఆయనకు అర్థమైంది. కాగితాన్ని మధ్యకు మడిచాడు. ఆ మడతను మళ్ళీ మడిచాడు. గోటితో గీరి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అది ఆరేళ్ళ కిందట రాసింది. చేరిన కొత్తల్లో. ఎప్పుడూ డబ్బా తగిలించే ఉండేది. ఏ శనివారమూ ఏమీ కాలేదు." గ్లాసు ఎత్తి, తాగకుండా దించాడు. "చెప్తే నన్నే కాదు పెన్సిలూ, ఆరేళ్ళుగా నేను రాసిన ప్రతిదాన్నీ బయటకు తీస్తారు. ఇంకే ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు. ఆవిడ సంగతి నేను చూసుకుంటున్నాను. నువ్విందులోకి రాకు."

శుక్రవారం పొద్దున అక్క తల దువ్వుతానని చెల్లెల్ని ముందు కూర్చోబెట్టుకుంది. చిక్కు తీస్తూ తీస్తూ, దువ్వెన ఆపకుండానే అడిగింది: "ఆ నోట్‌బుక్‌లో ఏం రాస్తుంటావే?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చించెయ్."

 అక్క జడ బిగించి అల్లింది, నుదురు లాగేంత బిగువుగా. "నీకు ఆవిడ పిన్ని. నాకు ఆయన మొగుడు. ఇద్దరిలో ఎవరి వైపు నిలబడాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు" అంది. జడ కొసకు రబ్బరు బ్యాండు వేసి, ఆ భుజం మీద రెండు క్షణాలు చెయ్యి అలాగే ఉంచింది. చెయ్యి చల్లగా ఉంది.

శనివారం మళ్ళీ వచ్చింది. పదకొండింటికి అక్క బజారుకు వెళ్ళింది. బావ ల్యాబ్‌లో ఉన్నాడు. పెద్దావిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పెన్సిలు నోట్‌బుక్ గుండెకు హత్తుకుని బయటికి అడుగుపెట్టింది. ఎదురు తలుపు నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులకు ఐదు రోజులు పట్టింది.

తలుపు కొట్టబోతుంటే వెనక నుంచి, "వెళ్ళు" అని వినపడింది. పెద్దావిడ గోడ వైపే తిరిగి ఉంది. "నాకేం గుర్తుండదటగా. నువ్వు వెళ్ళినట్టు కూడా గుర్తుండదులే."

సూది పిన్ని తలుపు తీసింది. వెనక గదిలో టేబులు మీద తెల్లకోటు పరిచి ఉంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఉంది. కాలర్ వరకూ అయింది, చేతులు ఇంకా ముడతలుగానే ఉన్నాయి.

"ఏం తల్లీ?"

చెప్పాల్సిన మాటలు పొద్దుట్నుంచీ లోపల్లోపల వల్లె వేసుకుంది. అవన్నీ ఒక్కసారే వచ్చేశాయి. "మీరేం నొక్కలేదు పిన్నీ. బావ రాసినదాంట్లో తప్పుంది. మూడో వరుస తర్వాత తలుపు తెరుచుకుందా అని అడగాలి, అడగలేదు. డబ్బా లేకపోయేసరికి అదే రిపోర్టుల్ని తుడిచేసింది. బావకు ఆ రోజే తెలుసు. ఐదూ నలభైకి సరిచేశాడు. పీకమన్నది కూడా బావే. ఇందులో రాసుకున్నాను, తేదీ వేసి. డాక్టరు గారి దగ్గరికి నేనొస్తాను. నేను చెప్తాను."

అంత పొడుగు మాట ఆ పిల్ల పుట్టాక ఎవరితోనూ మాట్లాడలేదు. నోట్‌బుక్ తెరిచి ముందుకు చాపింది.

సూది పిన్ని అందుకోలేదు. వెనక్కి వెళ్ళి ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. తీసి, చేతిలో ఉన్న ప్లగ్గును ఒకసారి చూసి, మెల్లగా టేబులు మీద పెట్టింది. తిరిగొచ్చింది.

"నిన్న సంతకం పెట్టానమ్మా" అంది.

"దేని మీద?"

"పొరపాటున నా చెయ్యి తగిలే పోయాయి, కావాలని చెయ్యలేదు అని. మీ బావే రాసుకొచ్చాడు. అలా రాసిస్తే వాళ్ళు పనిమంతురాలినని చీటీ ఇస్తారన్నాడు. ఇచ్చారు. ఊరి చివర ఇంకో ల్యాబ్‌లో తనే మాట్లాడి పెట్టాడు. రేపట్నుంచి రమ్మన్నారు. రెండు రోజులు తిరిగాడు పాపం, నా కోసం."

"కానీ మీరు నొక్కలేదు కదా!"

సూది పిన్ని చాలాసేపు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. రక్తం తీసే ముందు నరం ఎక్కడుందోనని చూస్తుందే, అలా.

"అందరూ నొక్కావు నొక్కావు అంటుంటే, వారం నుంచీ అదే ఆలోచిస్తున్నాను. తీగ లాగేటప్పుడు టేబులు మీదికి వంగాను. మోచెయ్యి ఎక్కడ ఆనిందో! ఇప్పుడు నాకు గుర్తొస్తోంది కూడా, ఏదో టక్కుమన్నట్టు. మీ బావ పీకమన్నాడో, పీకొద్దన్నాడో, అది కూడా ఇప్పుడు తేలడం లేదు. సంతకం పెట్టాక నిన్న కాస్త కునుకు పట్టింది."

"పీకమన్నాడు పిన్నీ. ఇదుగో, రాసుంది. చదవనా?"

"వద్దు." మొదటిసారి గొంతు గట్టిపడింది. "చదవకు. ఇప్పుడు నువ్వొచ్చి అది కాదంటే, నిన్న నేను పెట్టిన సంతకం అబద్ధమవుతుంది. అబద్ధం రాసిచ్చినదాని చేతికి ఎవడు చెయ్యి చాపుతాడు?" ఆగి, మళ్ళీ మామూలు గొంతుతో అంది: "సోమవారం నీ వైపే చూశాను తల్లీ. అందరికంటే ఎక్కువసేపు నీ వైపే చూశాను."

పెన్సిలు నోట్‌బుక్ మూసింది.

"ఉండు" అంటూ సూది పిన్ని లోపలికి వెళ్ళింది. బీరువా పక్క నుంచి ప్లగ్గు బోర్డు తీసుకొచ్చింది. తీగ వరుసగా చుట్టి, ఊడిపోకుండా దూదిపట్టీతో కట్టి ఉంది. దుమ్ము తుడిచి ఉంది. నోట్‌బుక్ పట్టుకున్న చేతుల మీదే దాన్ని పెట్టింది.

"ఇది మీదే. ల్యాబ్‌లో ఉండిపోతుందేమోనని నా సామానుతో పాటు తెచ్చేశాను. అక్కకి చెప్పు, ఇచ్చేశానని."

ఆ చేతుల మీద ఒకసారి తట్టింది, గుచ్చడం అయిపోయాక అందరి చేతుల మీదా తట్టినట్టే. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి తలుపు వేసింది. చప్పుడు కాకుండా, నెమ్మదిగా. లోపల గడియ పడింది.